రాష్ట్ర పశువైద్య సంఘం: సభ్యత్వం, వార్త – ములకలపల్లి అటవీ సరిహద్దు నుంచి ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

భారత పశువైద్య మండలి చట్టం (1984) రాష్ట్ర పశువైద్య సంఘానికి రాష్ట్ర మండలిలో ఒక స్థానం ఇచ్చింది. ఆ సంఘం ఎవరికి ప్రాతినిధ్యం వహించాలన్న ప్రశ్నను మాత్రం స్పృశించలేదు. పశువ్యాధుల నివారణలో వార్తను మోసుకువచ్చినవారు ఒకరు, వృత్తిసంఘంలో సభ్యులైనవారు మరొకరు. ఈ ఎడం ఎలా ఏర్పడిందో ఖమ్మం–భద్రాచలం అడవుల సరిహద్దులోని ములకలపల్లి ప్రాంతాన్ని ఆధారం చేసుకుని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పశువైద్య సంఘం, ముసర వ్యాధి, ములకలపల్లి, కోయలు, గోపాలమిత్ర, 1984 చట్టం.

ప్రవేశిక

1984లో పార్లమెంటు ఆమోదించిన 52వ నంబరు చట్టంలో రాష్ట్ర పశువైద్య మండలి కూర్పును 32వ సెక్షన్ వివరిస్తుంది. నమోదైన వైద్యులు తమలో నుంచి ఎన్నుకునే నలుగురు, పశువైద్య విద్యాసంస్థల అధిపతులు, ప్రభుత్వం నియమించే సభ్యులు, పశుసంవర్ధక శాఖ సంచాలకుడు ఇందులో ఉంటారు. వీరితో పాటు రాష్ట్ర పశువైద్య సంఘం, 'ఉన్నట్లయితే', నామినేట్ చేసే ఒక సభ్యుడికి కూడా చోటు ఉంది. ఈ 'ఉన్నట్లయితే' అన్న మాట గమనించదగినది. చట్టం సంఘాన్ని పుట్టించలేదు, దాని నియమావళిని నిర్దేశించలేదు. అది ముందునుంచే ఉంటుందన్న ఊహతో ఒక కుర్చీ వేసి ఉంచింది. ఆ కుర్చీలో కూర్చునే వ్యక్తి ఎవరి తరఫున మాట్లాడాలన్న ప్రశ్న మాత్రం సంఘం అంతర్గత వ్యవహారంగా మిగిలిపోయింది.

పట్టణ కేంద్రాల్లో ఈ ప్రశ్నకు అంత ప్రాధాన్యం కనిపించదు. పట్టభద్రుడైన వైద్యుడు, చికిత్స కోరే పశుపోషకుడు అక్కడ ఎదురెదురుగా ఉంటారు. నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ములకలపల్లి వంటి అటవీ మండలంలో పరిస్థితి వేరు. గూడేనికీ మండల కేంద్రానికీ నడుమ అడవి, వాగులు ఉంటాయి. వైద్యుడికీ పశువుకూ మధ్య మరికొందరు మనుషులు నిలబడి ఉంటారు. ఈ మధ్యవర్తుల చరిత్రను పక్కన పెట్టి సంఘం చరిత్ర రాస్తే అది ఉద్యోగుల చరిత్రగానే మిగులుతుంది.

గోదావరికి ఇరువైపులా

ములకలపల్లి ఉన్న పాల్వంచ ప్రాంతం నిజాం రాజ్యంలోనిది. గోదావరికి ఆవలి భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు బదిలీ అయ్యాయి. ఒకే అడవి, ఇరుగట్లా కోయ గూడేలు, వాటి నడుమ ప్రవహించే నది ఆ విధంగా రెండు పరిపాలనల కిందికి వచ్చాయి. మద్రాసు ప్రభుత్వానికి 1866 నుంచే పశువ్యాధుల చట్టం ఉంది. నిజాం రాజ్యానికి తనదైన పశువైద్య శాఖ ఏర్పడింది. రోగం నది దాటింది కాని దస్త్రం దాటలేదు.

ఈ కాలపు ఆధారాలు కూడా గట్ల వారీగానే లభిస్తాయి. ఎడమ గట్టున దుమ్ముగూడెంలో నివసించిన మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లో 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో ఈ తాలూకాల ప్రజల గురించి రాశాడు. కుడి గట్టు గురించి మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940ల్లో రాసే వరకు అంతటి నిశిత పరిశీలన రాలేదు. 1945లో వెలువడిన ఆయన కొండరెడ్ల అధ్యయనం పాల్వంచ అడవుల జీవనాన్ని నమోదు చేసింది. ఈ రచయితలిద్దరి ప్రధాన దృష్టి మనుషుల మీదే. పశువు వారి పుటల్లో దుక్కికి, బలికి, ఓలికి సంబంధించిన సందర్భాల్లో కనిపిస్తుంది. గూడెం ఆర్థిక జీవనంలో ఎద్దు, మేక, కోడి అంత లోతుగా పెనవేసుకున్నందువల్లనే వాటి రోగాలు విడిగా ప్రస్తావనకు నోచుకోలేదేమో.

అప్పటి గూడేలకు వార్తావ్యవస్థ లేదనుకోవడం పొరపాటు. పశువులకు తెగులు తగిలినప్పుడు ముత్యాలమ్మకు మొక్కడం, రోగాన్ని పొలిమేర దాటించే తంతు జరపడం తెలుగు పల్లెల్లో విస్తృతంగా ఉన్న ఆచారాలు. పరిశోధకులు వీటిని సాధారణంగా విశ్వాసాల శీర్షిక కింద చేర్చి వదిలేస్తారు. కాని పొలిమేరలో డప్పు మోగిందంటే ఆ ఊళ్లో మందకు ఏదో జరిగిందని పక్క ఊరికి తెలిసిపోతుంది. ఆ తంతు రోగాన్ని తరిమిందా లేదా అన్నది వేరే చర్చ. వార్తను మాత్రం తప్పకుండా చేరవేసింది. రోగాలకు ప్రజలు పెట్టుకున్న పేర్లు కూడా ఈ వ్యవస్థలో భాగమే. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు, దొమ్మ, చిటుక, పారుడు అన్న పేర్లు ఏ ప్రయోగశాలా పెట్టినవి కావు. లక్షణాన్ని చూసి పెట్టిన ఆ పేర్లనే పశుసంవర్ధక శాఖ తన తెలుగు కరపత్రాల్లో స్వీకరించింది.

వృత్తిసంఘం, పత్రిక

దక్షిణ భారతంలో పశువైద్యం ఆధునిక వృత్తిగా స్థిరపడడం 1903లో మద్రాసు పశువైద్య కళాశాల స్థాపనతో మొదలైంది. రెండు దశాబ్దాల తరువాత, 1924లో, పి. శ్రీనివాసరావు సంపాదకత్వంలో మద్రాసు నుంచి 'ఇండియన్ వెటర్నరీ జర్నల్' వెలువడింది. అఖిల భారత పశువైద్య సంఘానికి ఇది అధికార పత్రిక. మారుమూల తాలూకాలో ఒంటరిగా పనిచేసే వైద్యుడు తాను చూసిన కేసును రాసి పంపితే అది అచ్చయి దేశమంతటా ఉన్న సహోద్యోగులకు చేరేది. ఈ రకమైన వృత్తి సౌభ్రాత్రాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. వలస ప్రభుత్వం పై ఉద్యోగాలను ఆంగ్లేయులకు కేటాయించిన కాలంలో భారతీయ పశువైద్యులకు తమ గొంతు వినిపించుకునే వేదిక అటువంటి పత్రికే.

అయితే ఆ పత్రిక భాష ఆంగ్లం, దాని సభ్యత్వానికి అర్హత పట్టా. హైదరాబాదులో 1946లోనూ, బాపట్లలో 1955లోనూ పశువైద్య కళాశాలలు ఏర్పడ్డాక (రెండోది తరువాత తిరుపతికి తరలింది) తెలుగు ప్రాంతంలో పట్టభద్రుల సంఖ్య పెరిగింది. వారిలో అత్యధికులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ఆ కారణంగా రాష్ట్ర స్థాయి సంఘాల వార్తల స్వభావం మారింది. బదిలీలు, పదోన్నతులు, సీనియారిటీ జాబితాలు, మానవ వైద్యులతో సమాన వేతనం వంటి విషయాలు ముందు వరుసకు వచ్చాయి. ఇది నిందించదగిన మార్పు కాదు; ఉద్యోగుల సంఘం ఉద్యోగుల సమస్యలు మాట్లాడక తప్పదు. కాని అదే క్రమంలో 'వార్త' అనే మాటకు రెండు వేర్వేరు అర్థాలు స్థిరపడ్డాయి. సంఘానికి వార్త అంటే సభ్యుడి గురించిన సమాచారం. గూడేనికి వార్త అంటే మంద గురించిన సమాచారం. ఈ రెండు వార్తలూ ఒకే పుటలో కలుసుకున్న సందర్భాలు అరుదు.

వార్తే ప్రధాన సాధనమైన దశ

అవి నిజంగా కలుసుకున్న ఒక సందర్భం ముసర వ్యాధి నిర్మూలన. దేశంలో లక్షలాది పశువులను బలితీసుకున్న ఈ వ్యాధి మీద 1869లో భారత ప్రభుత్వం పశువ్యాధుల కమిషన్‌ను నియమించింది. ముక్తేశ్వర్ ప్రయోగశాలలో జె.టి. ఎడ్వర్డ్స్ 1920ల చివర మేకల ద్వారా బలహీనపరచిన వైరస్‌తో టీకా రూపొందించాడు. 1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. టీకా మోసుకుని ఊరూరా తిరిగినవారు ఎక్కువగా పట్టభద్రులు కారు. టీకాలు వేసే సహాయకులు, స్టాక్‌మన్‌లు ఆ పని చేశారు. మందను తోలి ఒకచోట నిలిపింది కాపరులు.

సామూహిక టీకాలతో వ్యాధి బాగా తగ్గినా పూర్తిగా పోలేదు. 1992లో యూరోపియన్ సమాజం సహాయంతో పద్ధతి మారింది. టీకాను క్రమంగా ఆపి, వ్యాధి ఉన్నదా లేదా అని వెతకడం ప్రధానమైంది. టీకా కొనసాగినంత కాలం రక్తపరీక్షలో కనిపించే ప్రతిరక్షకాలు టీకా వల్ల వచ్చాయో, రోగం వల్ల వచ్చాయో తేల్చలేరు. అందువల్ల వ్యాధి లేదని నిరూపించాలంటే టీకా మానేసి ఊరూరా అడగాలి. గ్రామాల అన్వేషణ, పశువులు నడిచే దారుల అన్వేషణ, వైద్యశాలల రికార్డుల అన్వేషణ ఈ దశలో చేపట్టిన పనులు. నోటి పుండ్లు, కళ్ల వెంట నీరు, విరేచనాలు, వరుసగా మరణాలు చూశారా అన్నది సిబ్బంది కాపరిని అడగవలసిన ప్రశ్న. అతడు చెప్పిన 'లేదు' అంతర్జాతీయ సంస్థ ముందు భారత ప్రభుత్వం ఉంచిన వాదనకు మూలధాతువయింది. దేశంలో చివరి కేసు 1995లో తమిళనాడులో నమోదైంది. 2006లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ముసర వ్యాధికారకం లేని దేశంగా గుర్తించింది. 2011లో ఈ వ్యాధి భూగోళం మీదే లేదని ప్రకటించారు. మశూచి తరువాత మానవ ప్రయత్నంతో అంతరించిన రెండో వ్యాధి ఇది.

పశువైద్య వృత్తి సాధించిన అతిపెద్ద విజయం ఈ విధంగా సంఘ సభ్యులు కానివారి మాట మీద కూడా ఆధారపడింది. వృత్తి చరిత్రలు టీకాను స్మరించినంతగా ఆ మాటను స్మరించవు.

ముప్పయ్యో సెక్షన్

1984 చట్టం 30వ సెక్షన్ నమోదైన వైద్యుడు తప్ప ఇతరులు పశువైద్య వృత్తి చేయరాదని నిషేధించింది. దానికి ఒక మినహాయింపు కూడా పెట్టింది. డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న స్టాక్‌మన్, సహాయకుడు వంటివారు నమోదైన వైద్యుడి పర్యవేక్షణలో 'చిన్న సేవలు' చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతించవచ్చు. టీకా వేయడం, వట్టలు నొక్కడం, గాయాలకు కట్టు కట్టడం వంటివి చిన్న సేవలు.

పర్యవేక్షణ అన్న మాట అడవిలో ఎలా అమలవుతుంది? 1976 నాటి జాతీయ వ్యవసాయ కమిషన్ ప్రతి 5,000 పశు యూనిట్లకు ఒక వైద్యుడు ఉండాలని సూచించింది. ఈ కొలత పశువుల లెక్కకు సరిపోతుంది, దూరానికి సరిపోదు. 1985లో మండల వ్యవస్థ వచ్చి ప్రభుత్వ సేవలు మండల కేంద్రానికి చేరువైనప్పటికీ, ములకలపల్లి వంటిచోట మండలం చివరి గూడెం వానాకాలంలో వాగుకు ఆవలే ఉంటుంది. గొంతువాపు వచ్చేదీ వానాకాలంలోనే. రోగం సోకిన పశువు ఒకటి రెండు రోజులకు మించి బతకదు. వైద్యుడు రావలసిన గడువుకూ రోగం ఇచ్చే గడువుకూ పొత్తు కుదరదు.

ఈ ఖాళీని నింపడానికి 2000 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోపాలమిత్ర వ్యవస్థ వచ్చింది. గ్రామీణ యువకులకు కృత్రిమ గర్భధారణలో శిక్షణ ఇచ్చి, ఉద్యోగ హోదా లేకుండా పారితోషికం మీద నియమించారు. ఊళ్లో వారు 'డాక్టరు'గా పిలుపు అందుకున్నారు. శాఖ రికార్డులో ఉద్యోగులు కారు, మండలి రిజిస్టరులో వైద్యులు కారు, సంఘంలో సభ్యులూ కారు. వేతనం, క్రమబద్ధీకరణ కోసం వారు వేరే సంఘాలుగా ఏర్పడి ఆందోళనలు చేయవలసి వచ్చింది. పైగా ఈ పథకం ఉద్దేశం సంకరజాతి పాడి. దుక్కిటెద్దు, మేక, కోడి ప్రధానమైన కోయ గూడెం అవసరం వేరు.

శిక్షణ లేని చికిత్సను పశువైద్య సంఘాలు వ్యతిరేకించడానికి బలమైన కారణముంది. మోతాదు తెలియకుండా యాంటీబయాటిక్‌లు వాడితే ఔషధ నిరోధకత పెరుగుతుంది. దొమ్మ సోకి చచ్చిన పశువును కోస్తే మనుషులకూ రోగం అంటుతుంది. కాని అర్హత లేనివారిని నిషేధించాలన్న డిమాండుకు ఉన్నంత పదును, అర్హత గలవారు గూడేనికి చేరాలన్న డిమాండుకు సంఘాల తీర్మానాల్లో రాలేదు.

ఇందుకు భిన్నమైన నమూనా పశువైద్యుల నుంచే వచ్చింది. 1992లో సాగరి రామ్‌దాస్, నిత్య ఘోట్గే తదితర మహిళా పశువైద్యులు స్థాపించిన 'అంత్ర' సంస్థ తూర్పు గోదావరి మన్యంలో ఆదివాసులకు పశు ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణనిచ్చింది. మేకలను, కోళ్లను సాకేది ఎక్కువగా స్త్రీలే అన్న గుర్తింపు ఈ పనికి పునాది. స్థానిక మూలికా చికిత్సలను నమోదు చేసి, పనిచేసేవాటిని, చేయనివాటిని వేరుచేసే ప్రయత్నం కూడా జరిగింది. పట్టభద్రుల జ్ఞానాన్ని విడిచిపెట్టకుండానే గూడెం మాటకు స్థానం కల్పించవచ్చని ఈ అనుభవం చూపింది. రాష్ట్ర సంఘాల సభ్యత్వ నియమాల మీద మాత్రం దాని ప్రభావం పడలేదు.

2014 తరువాత

ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడివడింది. భద్రాచలం 1959లో అందులో కలిసింది. దీంతో గోదావరి రెండు గట్లూ ఒకే జిల్లా పశుసంవర్ధక యంత్రాంగం కిందికి వచ్చాయి. ఐదున్నర దశాబ్దాల పాటు ఈ అమరిక నిలిచింది. 2014లో రాష్ట్ర విభజన, పోలవరం ముంపు మండలాల బదిలీ దీన్ని మార్చివేశాయి. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి; భద్రాచలం పట్టణం, ములకలపల్లి తెలంగాణలో ఉన్నాయి. పశువైద్య మండలి, విశ్వవిద్యాలయం, సంఘాలు సహజంగానే రెండయ్యాయి.

ఇక్కడ చట్టంలోని ఒక అసమానత స్పష్టంగా కనిపిస్తుంది. జాతీయ రిజిస్టరులో పేరున్న వైద్యుడి హక్కుకు దేశమంతా క్షేత్రం. స్టాక్‌మన్, సహాయకుల అనుమతి మాత్రం ఒక రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు. సరిహద్దు రాయి దగ్గర అది ఆగిపోతుంది. సరిహద్దు గూడేలకు అసలు చేరగలిగిన మనిషికే సరిహద్దు అడ్డమయింది.

2017లో తెలంగాణ 1962 నంబరుతో సంచార పశువైద్యశాలలను ప్రారంభించింది. 2022లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే నంబరుతో వాహనాలు నడిపింది. నంబరు ఒకటే, వాహనాలు, సిబ్బంది వేర్వేరు రాష్ట్రాలవి. కుక్కునూరు వైపు ఒక మందలో గొంతువాపు కనిపించిందన్న వార్త ములకలపల్లి గూడేలకు చేరడానికి వారపు సంతలో కలుసుకునే మనుషులే ఇప్పటికీ దగ్గరి దారి.