ఒకే రోజు మొదలైన రెండు ప్రయాణాలు

టర్కీని యూరోపియన్ యూనియన్‌లో చేర్చుకోవాలా, వద్దా? ఈ వాదనకి అరవై ఏళ్ళు పైబడ్డాయి. దాని గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

1963లో అంకారా ఒప్పందం కుదిరింది. ఎప్పటికైనా టర్కీ సభ్యదేశం కావచ్చన్న ఆశ అందులోనే ఉంది. 1987లో టర్కీ దరఖాస్తు పెట్టుకుంటే, రెండేళ్ళకి "ఇప్పుడే కాదు" అన్న జవాబొచ్చింది. 1999లో అభ్యర్థి హోదా దక్కింది. 2005 అక్టోబర్ 3న చర్చలు మొదలయ్యాయి. క్రొయేషియాతో కూడా సరిగ్గా అదే రోజు మొదలయ్యాయండి! క్రొయేషియా 2013 జులై 1న సభ్యదేశమైపోయింది. టర్కీతో చర్చలు నిలిచిపోయాయని 2018లో యూనియనే చెప్పింది.

ఎందుకిలా? చర్చల్లో 35 అధ్యాయాలుంటాయి. ఒక్కోటి తెరవాలన్నా, మూయాలన్నా సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ప్రతి మాడ్యూల్‌కీ క్లయింట్లందరూ సంతకం పెట్టాలన్నమాట. ఒక్కరు కాదన్నా బండి కదలదు.

టర్కీ బండి సైప్రస్ దగ్గర ఆగింది. 1974 నుంచి ఆ ద్వీపం రెండు ముక్కలుగా ఉంది. కలపడానికి ఐక్యరాజ్యసమితి వేసిన పథకం మీద 2004 ఏప్రిల్ 24న ఓటింగ్ జరిగింది. టర్కిష్ సైప్రస్ వాసుల్లో 65 శాతం సరేనన్నారు, గ్రీకు సైప్రస్ వాసుల్లో 76 శాతం వద్దన్నారు. అయినా సరిగ్గా వారానికి సైప్రస్ యూనియన్‌లో చేరింది. తన రేవులు సైప్రస్ ఓడలకి తెరవలేదని 2006లో టర్కీకి 8 అధ్యాయాలు ఆపేశారు. మొత్తం మీద 16 తెరిస్తే, మూసింది ఒక్కటే: సైన్స్, పరిశోధన.

"మేం మరణశిక్ష కూడా రద్దు చేశాం, ఇంకేం చెయ్యాలి?" అంటుంది టర్కీ. "2016 సైనిక తిరుగుబాటు యత్నం తర్వాత వేలాదిమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, పాత్రికేయుల్ని జైల్లో పెట్టారు, అదేం ప్రజాస్వామ్యం?" అంటుంది యూనియన్. రెండూ నిజమే.

క్రొయేషియాకీ అడ్డంకి వచ్చింది. సముద్ర సరిహద్దు తగాదాతో స్లొవేనియా అడ్డుపడింది. 2009లో మధ్యవర్తిత్వానికి ఇద్దరూ ఒప్పుకోవడంతో దారి తెరుచుకుంది. టర్కీ విషయంలో మాత్రం, షరతులన్నీ తీర్చినా చేర్చుకోమని చెప్పే నాయకులు యూరప్‌లోనే ఉండేవారు. చివర్లో తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియనప్పుడు కష్టమైన సంస్కరణలకి సొంత జనాన్ని ఒప్పించడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. అలాగని జైళ్ళ తప్పు యూరప్ మీదకి నెట్టలేం. నష్టపోయింది మాత్రం, ఆ తలుపు మీద ఆశపెట్టుకున్న టర్కీ ప్రజాస్వామ్యవాదులే.

గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డ మనవాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. మరి మీరేమంటారు? ఈ వారం మీ ఇంట్లో పిల్లల్ని రెండు జట్లుగా చేసి వాదించమనండి. సెలవు.