తేలిక పార్సరూ, పదాల అన్వయమూ

ఎక్స్‌ఎంఎల్‌ను గురించి ఒక పండితుడు వ్రాయడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. కానీ ఈ కథ అన్వయానికి సంబంధించినది, కనుక నాకూ కొంత అధికారముంది.

విద్యార్థుల కోసం వాక్యాలు కూర్చి, కఠినపదాలను ట్యాగులలో ఉంచాను. "రాముడు వనమునకు వెడలెను" అన్నచోట "వనమునకు" ఒక ట్యాగులో ఉంది. టైప్‌స్క్రిప్ట్‌లో ఒక చిన్న లైబ్రరీతో చదివిస్తే "రాముడువెడలెను" ఒకచోట, "వనమునకు" వేరొకచోట వచ్చాయి. ఏ వ్యాకరణమూ అంగీకరించని సంధి! దోషమని యంత్రం ఒక్క మాటైనా అనలేదు.

కారణం చరిత్రలో ఉంది. 1969లో ఐబీఎం సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు జీఎంఎల్‌ను రూపొందించారు. ఆ మూడక్షరాలు వారి ఇంటిపేర్ల తొలి అక్షరాలే. దాని నుండి వచ్చిన ఎస్‌జీఎంఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దానిని సరళం చేయగా 1998 ఫిబ్రవరి 10న ఎక్స్‌ఎంఎల్ వెలువడింది. ఈ వంశమంతా పుట్టినది పత్రాల కోసం. పత్రానికి మాటల వరుసే ప్రాణం.

చదివే పద్ధతులు రెండు స్థిరపడ్డాయి. డామ్ పత్రమంతటినీ చెట్టుగా జ్ఞాపకంలో నిలుపుతుంది. 1998లోనే డేవిడ్ మెగిన్సన్ పూనికతో వచ్చిన శాక్స్ ట్యాగు ఎదురైనప్పుడల్లా కబురు చెబుతూ సాగిపోతుంది. రెండూ వరుసను కాపాడతాయి.

కాలక్రమాన ఎక్స్‌ఎంఎల్‌లో బిల్లులూ, జాబితాలూ ప్రయాణించసాగాయి. వాటిలో పేరూ విలువా దొరికితే చాలు. తేలిక లైబ్రరీలు ఈ అవసరానికి తగినవి: ట్యాగు పేరును తాళంచెవిగా చేసి జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టును చేతికిస్తాయి. బరువు తగ్గింది, దానితో వరుసా పోయింది. ఒకే పద్యముంటే ఆబ్జెక్టుగా, రెండుంటే వరుసపట్టీగా వస్తుంది. అంకెలను సంఖ్యలుగా మార్చే అలవాటున్నచోట గుంటూరు కోడు 0863 కాస్తా 863 అవుతుంది.

2012లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన టైప్‌స్క్రిప్ట్ కాపాడదా అంటే, కాపాడదు. దాని టైపులు కంపైలు కాగానే చెరిగిపోతాయి. ఫైలులో ఉన్నది మనం ప్రకటించిన రూపంలోనే ఉందో లేదో అవి చూడవు. అది మన మాట మాత్రమే, సాక్ష్యం కాదు.

ఉపాయం లేకపోలేదు. ఫాస్ట్ ఎక్స్‌ఎంఎల్ పార్సర్ వంటి వాటిలో వరుసను నిలిపే ఎంపిక ఉంది. ఫలానా ట్యాగును ఎప్పుడూ పట్టీగానే ఇమ్మని, విలువలను సంఖ్యలుగా మార్చవద్దని కూడా చెప్పవచ్చు. చెప్పవలసినది మనమే. నేను చెప్పలేదు, తప్పు నాదే.

జాబితాకు తేలిక పార్సరు చాలు. వాక్యానికి మాత్రం ముందుగా వరుసను అడిగి పుచ్చుకోవాలి. తీసుకున్న పాఠాన్ని తిరిగి వ్రాయించి, మూలంతో సరిచూసుకోవాలి. ప్రతులు ఎత్తి వ్రాసిన మన లేఖకులకు ఇది తెలియని సంగతి కాదు.