ఓటు వెనక మనసు: మంచి చెడుల భావన రాజకీయాన్ని ఎలా నడిపిస్తుంది?

ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములు ఎన్నికలు వచ్చేసరికి చెరో పార్టీ వైపు నిలబడటం కొత్తేమీ కాదు. పథకాలు, అభ్యర్థి, కులం, మతం.. ఇవన్నీ కారణాలే. వీటికి తోడు, మంచి చెడుల గురించి మనసులో ముందే నాటుకుపోయిన భావాలు కూడా ఓటుపై పని చేస్తాయని సైకాలజిస్టులు అంటున్నారు. ఇందులో నిజమెంత?

ముందు తీర్పు, తర్వాత కారణం

తప్పు, ఒప్పు అనే తీర్పు చాలాసార్లు క్షణంలో వచ్చేస్తుందని, కారణాలు ఆ తర్వాత వెతుక్కుంటామని అమెరికన్ సైకాలజిస్ట్ జొనాథన్ హైట్ 2001లో వాదించారు. వాదనలో ఓడిపోయినా మనిషి అభిప్రాయం మారకపోవడానికి ఇదో కారణం.

ఈ ఆలోచనకు మన దేశంతోనూ సంబంధం ఉంది. హైట్ 1993లో మూడు నెలలు భువనేశ్వర్‌లో ఉన్నారు. అంతకుముందే అక్కడ పరిశోధన చేసిన రిచర్డ్ ష్వేడర్ దారిలోనే ఆయన వెళ్లారు. వ్యక్తి స్వేచ్ఛ కంటే కుటుంబం, పెద్దల మాట, పవిత్రత ముందుండే సమాజాన్ని దగ్గర్నుంచి చూశారు.

ఐదు పునాదులు

హైట్, ఆయన సహచరుల లెక్కలో నైతికతకు ఐదు పునాదులు:

- దయ: ఎవరికీ హాని జరగకూడదు
- న్యాయం: ఇన్సాఫ్ ఉండాలి, మోసం కూడదు
- విధేయత: మనవాళ్లను వదులుకోకూడదు
- పెద్దరికం: పెద్దలను, చట్టాన్ని గౌరవించాలి
- పవిత్రత: పాక్, నాపాక్ అనే పట్టింపు

జెస్సీ గ్రాహం, హైట్, బ్రయాన్ నోసెక్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో ఉదారవాదులు మొదటి రెండింటికే ఎక్కువ బరువు ఇస్తారు. సంప్రదాయవాదులు ఐదింటినీ దాదాపు సమానంగా చూస్తారు. తర్వాత 2012లో వచ్చిన తన పుస్తకంలో హైట్ 'స్వేచ్ఛ'ను ఆరో పునాదిగా చేర్చారు.

జార్జ్ లేకాఫ్ 1996లోనే మరో మాట చెప్పారు. దేశాన్ని జనం ఒక కుటుంబంలా ఊహించుకుంటారట. కఠినమైన తండ్రి కావాలనుకునేవారు ఒకవైపు, లాలించి పెంచే తల్లిదండ్రులు కావాలనుకునేవారు మరోవైపు మొగ్గుతారని ఆయన వాదన.

లెక్క తప్పే చోట

అమెరికా ముస్లింల సంగతే చూడండి. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2007 సర్వేలో 61 శాతం మంది స్వలింగ సంపర్కాన్ని సమాజం ప్రోత్సహించకూడదన్నారు. ఇది సంప్రదాయ భావనే. అయినా 63 శాతం డెమొక్రాట్ల వైపు ఉంటే, రిపబ్లికన్ల వైపు 11 శాతమే. 2000 ఎన్నికల్లో మాత్రం పలు ముస్లిం సంఘాలు రిపబ్లికన్ అభ్యర్థి బుష్‌కే మద్దతిచ్చాయి. ఏడేళ్లలో వాళ్ల విలువలు తలకిందులు కాలేదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వాతావరణం మారింది. 'ఈ పార్టీ మమ్మల్ని ఎలా చూస్తోంది?' అన్న ప్రశ్న ముందుకొచ్చింది.

భారత్‌లోనూ అమెరికా కొలతలు సరిగ్గా అతకవు. ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018 పుస్తకం ప్రకారం ఇక్కడ సిద్ధాంత పోరు రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. సమాజపు కట్టుబాట్లు, ఆస్తి పంపకం విషయాల్లో ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవాలి? వెనకబడిన వర్గాలకు, మైనారిటీలకు ప్రత్యేక రక్షణ ఉండాలా?

విమర్శలు

నైతిక తీర్పులన్నిటికీ మూలం 'హాని' అనే భావనేనని కర్ట్ గ్రే అంటారు. 2019లో పీటర్ హటేమీ బృందం వాదనను తిరగేసింది. విలువలు రాజకీయాన్ని మార్చడం కంటే, రాజకీయమే విలువల్ని మలచడం ఎక్కువని తేల్చింది. అంటే అభిమాన పార్టీ ఏది తప్పంటే అది మనకూ తప్పుగా కనిపించడం మొదలవుతుంది.

తెలిస్తే ఏం లాభం?

మాట్లాడే తీరు మారితే వినే తీరూ మారుతుంది. మాథ్యూ ఫైన్‌బర్గ్, రాబ్ విల్లర్ 2013 ప్రయోగంలో పర్యావరణాన్ని 'హాని' కోణంలో కాక 'శుభ్రత, పవిత్రత' కోణంలో చెబితే అమెరికా సంప్రదాయవాదులూ మద్దతు తెలిపారు. ఇంట్లో గొడవపడే ముందు, ఎదుటివాళ్లు ఏ విలువను కాపాడుకోవాలని చూస్తున్నారో అడగడం మేలు.

ఇదే కిటుకు నాయకులకూ తెలుసు. 'మనవాళ్లు', 'ద్రోహం', 'అపవిత్రం' లాంటి మాటలు ఆలోచన కంటే ముందే రక్తాన్ని మరిగిస్తాయి. అలాంటి ప్రసంగం విన్నప్పుడు ఓటరు ఒక్క క్షణం ఆగి, ఆ నాయకుడు ఐదేళ్లలో బడికి, ఆస్పత్రికి, ఉపాధికి ఏం చేశాడో లెక్క చూసుకోవాలి.