బైనరీ పరీక్షా ఫైళ్లలో మార్పుల నమోదు: ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఉదంతం

ఉపోద్ఘాతం:

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో ఒకరు చేసిన మార్పును మరొకరు చదివి ఆమోదించడం ప్రధాన నియమం. 2005లో రూపొందిన గిట్ వంటి ఉపకరణాలు కోడ్‌లో మారిన ప్రతి పంక్తినీ చూపుతాయి. బైనరీ ఫైళ్ల విషయంలో మాత్రం సాధారణంగా రెండు ప్రతులు భిన్నంగా ఉన్నాయని చెప్పి ఊరుకుంటాయి. అందువల్ల ఆ ఫైలును ఎలా తయారుచేశారో తెలిపే నమోదు లేనిదే సమీక్షకు ఆధారం ఉండదు. ఈ లోపం పర్యవసానాన్ని 2024 నాటి ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఉదంతం వెల్లడించింది.

ఉదంతం - పూర్వాపరాలు:

ఎక్స్‌జెడ్ యుటిల్స్ దత్తాంశాన్ని కుదించే ఉపకరణాల సముదాయం. లాసె కోలిన్ చాలాకాలం దాదాపు ఒంటరిగా దీనిని నిర్వహించారు. దీని పరీక్షా ఫైళ్లలో అనేకం హెక్స్ ఎడిటర్‌తో చేతితో కూర్చినవని, వాటికి అవే మూలమని ప్రాజెక్టు పత్రమే పేర్కొంది. చెడిన ఫైలును ప్రోగ్రాము తిరస్కరిస్తుందో లేదో పరీక్షించడానికి చెడిన ఫైలే కావాలి గనుక ఈ పద్ధతి అసహజం కాదు. అయితే అర్థంకాని బైట్లు కనిపించినా ఎవరూ అనుమానించని పరిస్థితి దీనివల్ల ఏర్పడింది.

'జియా టాన్' అనే పేరుతో కొన్నేళ్లపాటు పనిచేసి సహనిర్వాహక స్థానం పొందిన ఖాతా నుంచి 2024 ఫిబ్రవరిలో కొత్త పరీక్షా ఫైళ్లు చేరాయి. వాటిలో రెండింటిలో హానికర కోడ్ దాగి ఉంది. విడుదల ప్యాకేజీలో మాత్రమే ఉంచిన ఒక స్క్రిప్టు, నిర్మాణ సమయంలో దానిని వెలికితీసేది. 5.6.0 వెర్షన్‌లో ఏ పరీక్షా ఆ రెండు ఫైళ్లను వినియోగించలేదు.

మార్చి 9న ఆ ఫైళ్లను మార్చినప్పుడు ఇచ్చిన వివరణ గమనార్హం. పాత ఫైళ్లు యాదృచ్ఛిక దత్తాంశంతో తయారయ్యాయని, మున్ముందు వాటిని పునఃసృష్టించే వీలుకోసం స్థిరమైన సీడ్ వాడామని అందులో ఉంది. కానీ ఆ సీడ్ విలువ గానీ, తయారీ ప్రోగ్రాము గానీ అందులో లేవు. నమోదు రూపం ఉన్నది, సారం లేదు.

మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఈ కుట్రను బహిర్గతం చేశారు. ఆయనను పరిశోధనకు పురికొల్పినది ఫైళ్ల సమీక్ష కాదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌లు అసాధారణంగా ఎక్కువ సీపీయూ వాడుతున్నట్లు కనిపించడం.

ముగింపు:

వివరణ ఉండటం వేరు, దానిని సరిచూడగలగడం వేరు. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు చెప్పిన మాటను పరిష్కర్త ఇతర ప్రతులతో పోల్చి చూసినట్లే, ఇక్కడా వాదానికి ఆధారం కావాలి. ఫైలు ఏ పరీక్షకు అవసరం, ఏ ఆదేశంతో, ఏ వెర్షన్ ఉపకరణంతో, ఏ సీడ్‌తో తయారైంది అన్నవి నమోదు కావాలి. చేతితో కూర్చిన ఫైలైతే ఏ బైటును ఎందుకు మార్చారో చెప్పాలి. మూడో వ్యక్తి అదే ఫైలును తిరిగి తయారుచేయగలిగినప్పుడే ఆ నమోదు సార్థకం.