స్కూబా పుట్టిల్లు బొగ్గుబాయి

స్కూబా డైవింగు అనగానే ఎవరికైనా అండమాన్, మాల్దీవులు, నీలంరంగు నీళ్ళు, చేపల మధ్య దిగిన ఫోటోలూ గుర్తొస్తాయి గానీ గోదావరిఖని గుర్తురాదు. రావాల్సిన అవసరమూ లేదనుకోండి. మా ఊళ్ళో సముద్రం లేదు, ఉన్న గోదావరిలో పగడాలు లేవు. పేరులోనే ఖని ఉన్న ఊరు మాది. బొగ్గు, దుమ్ము, నిప్పులు చెరిగే ఎండలు, షిఫ్టు సైరన్లు, అంతే. అయినా సరే, సెలవులకి వెళ్ళి ఏ డైవింగు సెంటర్లో దిగాలో తేల్చుకోవాలంటే ముందు బొగ్గుబాయి చరిత్ర కొంచెం తెలుసుకోవాలి అన్నది నా వాదన. (మా దిక్కు గనిని బాయి అంటారు. బాయి పని, బాయి దొర, బాయి మీదికి పోవుడు... ఇలా.) ఇది ఊరిమీద ప్రేమతో అంటున్న మాట కాదు. స్కూబా పుట్టిందే బొగ్గుబాయిలో.

నమ్మకపోతే వినండి. 1860లో ఫ్రాన్సులో బెన్వా రూకేరోల్ అనే గనుల ఇంజనీరు ఒక పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. విషవాయువులు నిండిన గనిలోకి వెళ్ళి మనుషుల్ని బయటికి తేవడానికి, లోపలికెళ్ళేవాడు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంత మేరకే గాలినిచ్చే పరికరం అది. నాలుగేళ్ళ తర్వాత, 1864లో, దెనేరూజ్ అనే నౌకాదళ అధికారితో కలిసి దాన్నే నీటి అడుగున పనికొచ్చేట్టు మార్చారు. జూల్స్ వెర్న్ తన సముద్రగర్భ యాత్ర నవలలో (1870) కెప్టెన్ నీమో మనుషులకి తొడిగింది ఈ పరికరం తాలూకు ఊహనే. 1943లో కూస్తో, గాన్యాఁ కలిసి చేసిన ఆక్వాలంగ్, ఇవాళ రిసార్టులో మీ నోట్లో పెట్టే రెగ్యులేటర్, అన్నీ ఆ వంశంలోవే. పీలిస్తేనే గాలి రావాలి అన్న ఆలోచన చేపల్ని చూడ్డానికి పుట్టలేదు. గనిలో పడిపోయిన తోటి కార్మికుణ్ణి మోసుకురావడానికి పుట్టింది.

ఇంకో పాయ కూడా ఉంది. 1870ల చివర్లో ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ అనే ఆయన, వదిలిన ఊపిరిలోంచి బొగ్గుపులుసు వాయువుని తీసేసి, ఆక్సిజన్ కలిపి, మళ్ళీ అదే గాలి పీల్చుకునే పరికరం చేశాడు. 1879లో సెవర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం మునిగిపోయింది. లోపలున్న ఒక ఇనుప తలుపు మూస్తే తప్ప నీళ్ళు తోడటం కుదరదు. అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవరు మామూలు సూటుతో ప్రయత్నిస్తే వెనకున్న గాలి గొట్టాన్ని లాక్కుంటూ అంత దూరం పోలేకపోయాడు. ఫ్లూస్ పరికరం తగిలించుకుని, గొట్టం లేకుండా, ఆ చీకటి నీళ్ళలో నడిచి వెళ్ళి చివరికి తలుపు మూశాడు. 1880 సెప్టెంబరులో ఇంగ్లండులోనే సీహామ్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 160 మందికి పైగా చనిపోయారు. ఆ గనిలోకి వెళ్ళడానికీ ఫ్లూస్ పరికరాలే తెచ్చారు. అంటే నీళ్ళకీ గనికీ ఒకే మూట. మా గోదావరిఖని దగ్గర రామగుండం రెస్క్యూ స్టేషన్లో సింగరేణి వాళ్ళు వీపుకి తగిలించుకునే బ్రీతింగ్ సెట్టు కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

అన్నట్టు ఈ కథలో మన తెలుగునేలకి తగిలే ముడి ఒకటుంది. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1896లో గని పేలుళ్ళ మీద ఒక రిపోర్టు రాశాడు. పేలుడులో ఎక్కువమంది కాలిపోయి చావడం లేదు, ఆ తర్వాత మిగిలే కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చస్తున్నారు అని అందులో తేల్చాడు. గనిలోకి కానరీ పిట్టల్ని తీసుకెళ్ళమని చెప్పింది ఆయనే. ఆయనే 1908లో, మేకల మీద ప్రయోగాలు చేసి, లోతు నుంచి డైవరు ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో మొదటి పట్టికలు ఇచ్చాడు. ఇప్పుడు డైవర్ల చేతికుండే కంప్యూటరు లోపలి లెక్కలకి తాతలు ఆ పట్టికలే. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్. చిన్నప్పుడు తండ్రి వెంట గనుల్లోకి దిగాడు, పదమూడేళ్ళప్పుడు డైవింగు సూటేసుకుని సముద్రంలోకీ దిగాడు, రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళం కోసం ప్రెషర్ ఛాంబర్లో తన ఒంటిమీద తనే ప్రయోగాలు చేసుకున్నాడు. 1957లో ఇండియా వచ్చేసి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువు కోసం ఇచ్చేశాడు. అది చేరింది ఎక్కడికో తెలుసా? కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి! గనినీ సముద్రాన్నీ కలిపిన ఇంటి మనిషి చివరికి మన తీరానికొచ్చి ఆగాడన్నమాట.

సరే, పిడకల వేట ఆపి అసలు విషయానికొద్దాం.

ఈసారి సెలవులకి అండమాన్ అని మా ఇంట్లో తీర్మానం అయింది. హేవ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు) దీవిలో డైవింగు సెంటర్లు బోలెడు. వృత్తిధర్మం కొద్దీ ఒక ఎక్సెల్ షీటు తెరిచాను. ధర, నక్షత్రాలు, వీడియో ఫ్రీయా కాదా, రిసార్టు నుంచి ఎంత దూరం... ఇలా నిలువు గళ్ళు పెట్టుకుంటూ పోయాను. మా బాపు బాయిలో సర్దారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఫోన్లో సంగతి చెప్తే ఆయన అడిగినవి వేరే. "బిడ్డా, గా సిలిండర్ల గాలి ఎవలు నింపుతరు? ఎన్నడు నింపిండ్రో రాసి పెడ్తరా? నీళ్ళు బాగలేకుంటె ఇయ్యాల దిగుడు బంద్ అని చెప్పేటోడు ఎవడు? ఆని మాట ఓనరు ఇంటడా?" అంతే. నా షీటులో ఈ మూడింటికీ గళ్ళు లేవు. ఏ ట్రావెల్ సైటులోనూ లేవు లెండి.

ఆయన ఇవి పుస్తకంలో చదివి అడగలేదు. బొగ్గుగనిలో సర్దారు పని ఏంటంటే, తన డిస్ట్రిక్టులో (బాయి లోపలి పని భాగాన్ని అలా అంటారు) గాలి చూడాలి, పైకప్పు కొట్టి చూడాలి, గ్యాసు కొలవాలి, చూసింది పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. వచ్చే షిఫ్టువాడు అది చదివి దిగాలి. ప్రమాదం ఉందనిపిస్తే మనుషుల్ని బయటికి తియ్యాలి. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు తీసెయ్యాల్సిందే. ఉత్పత్తి ఎంత, టార్గెట్ ఎంత అన్నవి ఆ తర్వాతి మాటలు. కనీసం కాగితం మీద అలాగే ఉంది.

కాగితం మీద ఉన్నదానికీ లోపల జరిగేదానికీ మధ్య ఎంత దూరముంటే అన్ని ప్రాణాలు పోతాయి. పాత, నీళ్ళు నిండిన పనులకి 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లోనే ఉంది. అయినా 1975 డిసెంబరు 27న చాస్నాలాలో పాత పనుల్లోని నీళ్ళు విరుచుకుపడి 375 మంది పోయారు. 2003 జూన్ 16న మా గోదావరిఖనిలో, 7 ఎల్ఈపీ ఇంక్లైనులో నీళ్ళు ముంచెత్తి 17 మంది పోయారు. నీళ్ళలో మునిగి చనిపోవడం అంటే బయటివాళ్ళకి చెరువులో, సముద్రంలో జరిగేది. మా ఊళ్ళో అది భూమి అడుగున, డ్యూటీలో, తలకి క్యాప్ ల్యాంపుతో జరిగింది. ఆ 17 ఇళ్ళల్లో ఎవరూ సరదాకి నీళ్ళలోకి దిగలేదు. ఆ ఊరి నుంచి వచ్చి, డబ్బులిచ్చి మరీ నీళ్ళ కింద ఊపిరి పీల్చడానికి వెళ్తున్నవాణ్ణి నేను. కనీసం ఆ మూడు ప్రశ్నలైనా అడక్కపోతే ఎలా?

ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది గాలి. స్కూబా సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు, మనం పీల్చే మామూలు గాలే, కంప్రెసర్‌తో కుదించి నింపుతారు. ఆ కంప్రెసర్ గాలి లాక్కునే గొట్టం పక్కనే జనరేటర్ పొగ ఉంటే? హాల్డేన్ 1896లో పట్టుకున్న ఆ కార్బన్ మోనాక్సైడే సిలిండర్లోకి వెళ్తుంది. రంగు లేదు, వాసన లేదు. పైగా ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 12 మీటర్ల దగ్గర పీల్చే ప్రతి వాయువూ పైన ఉన్నదానికి 2.2 రెట్ల ఒత్తిడితో ఒంట్లోకి వెళ్తుంది. కాబట్టి కంప్రెసర్ ఎక్కడుంది, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, సిలిండర్ భుజం మీద కొట్టిన హైడ్రో టెస్టు తేదీ ఎంత అని అడగడం చాదస్తం కాదు.

రెండోది రాత. లాగ్‌బుక్కు, సర్వీసు రికార్డు, మెడికల్ ఫారం. ఆస్తమా ఉందా, గుండెజబ్బుందా, చెవి ఆపరేషన్ అయిందా అని అడిగే ఫారాన్ని కొన్నిచోట్ల "ఊరికే ఫార్మాలిటీ, అన్నిటికీ నో అని కొట్టెయ్యండి" అంటారట. ఆ ఒక్కమాట చాలు, అక్కణ్ణుంచి లేచి రావడానికి. అలాగే ఒక ఇన్‌స్ట్రక్టరు వెంట ఎంతమంది అన్నది. మొదటిసారి దిగేవాళ్ళ విషయంలో పాడీ సంస్థ ప్రమాణం ప్రకారం సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టరుకి నలుగురే. అది పైహద్దు. నీళ్ళు మసకగా ఉంటే ఇంకా తగ్గాలి. బోటులో ఆక్సిజన్ పెట్టె ఉందా, తెరిచి చూపిస్తారా అన్నదీ ఈ లెక్కలోదే. చివరి డైవుకీ తిరుగు ఫ్లైటుకీ మధ్య ఎంతసేపు ఉండాలో వాళ్ళంతట వాళ్ళు చెప్తున్నారా అన్నదీ అంతే. సాధారణంగా ఒక్క డైవయితే 12 గంటలు, ఒకటికంటే ఎక్కువైతే 18 గంటలు ఆగమంటారు. ఫ్లైటు ఎప్పుడని అడగకుండానే డబ్బులు తీసుకునేవాడికి మీ రక్తంలో కరిగిన నైట్రోజన్ గురించి పట్టింపు లేదన్నమాటే.

మూడోది వద్దనే మనిషి. నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది ఇదే. గని రెస్క్యూ టీములో ఒక పద్ధతుంది. అందరి గేజీలూ చూసుకుంటూ పోతారు, ఎవరి సిలిండర్లో తక్కువుంటే ఆ మనిషి లెక్కతోనే టీమంతా వెనక్కి తిరుగుతుంది. డైవింగులోనూ సరిగ్గా అదే. ఎవరైనా, ఏ కారణానికైనా, కారణం చెప్పకుండానైనా, బొటనవేలు పైకెత్తితే (నీళ్ళలో దానర్థం 'సూపర్' అని కాదు, 'పైకి పోదాం' అని) డైవు అయిపోయినట్టే. ఈ రెండు పనులూ ఇంత దగ్గరగా ఆలోచించడం యాదృచ్ఛికం కాదు, ఒకే చావులు రెండిటికీ నేర్పాయి. ఇలాంటి నియమం సాఫ్టువేరులో మాక్కూడా ఉండాలి, శుక్రవారం సాయంత్రం రిలీజు ఆపగలిగేవాడు ఒకడు :) కానీ మా దగ్గర సర్వర్ పోతుంది, అక్కడ మనిషి పోతాడు.

నేను నాలుగు సెంటర్లకి ఈ మూడు ప్రశ్నలూ పంపాను. పేర్లు అనవసరం. రెండింటి నుంచి జవాబు రాలేదు. ఒకరు "అవన్నీ మేం చూసుకుంటాం సార్, మీరు ఎంజాయ్ చెయ్యండి" అన్నారు. నాలుగోవాళ్ళు మాత్రం తిరిగి నన్నే ప్రశ్నలడిగారు. మా పిల్లల వయసెంత, మా ఆవిడకి సైనస్ ఉందా, ఫ్లైటు ఎప్పుడు అని. అలలు ఎక్కువుంటే ఆ రోజు ఇన్‌స్ట్రక్టరే కాన్సిల్ చేస్తాడనీ, డబ్బులు వాపసు ఇస్తామనీ రాశారు. ధర మిగతావాళ్ళకంటే ఎక్కువ, నక్షత్రాలు కొంచెం తక్కువ (ఒకాయన "ఇంత దూరం వచ్చాక దిగనివ్వలేదు" అని ఒక్క నక్షత్రం ఇచ్చాడు). ఆ ఒక్క నక్షత్రం చూసే నేను వాళ్ళకి బుక్ చేశాను.

గనికీ డైవరుకీ చుట్టరికం పాతకాలపు ముచ్చట కూడా కాదు. 2018 డిసెంబరులో మేఘాలయలో ఎలుకబొరియ గనిలోకి నీళ్ళొచ్చి 15 మంది చిక్కుకుంటే, 2025 జనవరిలో అస్సాంలో ఉమ్రాంగ్సో గని మునిగితే, రెండుసార్లూ విశాఖపట్నం నుంచి నేవీ డైవర్లు వెళ్ళారు. 2025 ఫిబ్రవరి 22న మన ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు నేవీ వాళ్ళూ, మా సింగరేణి రెస్క్యూ వాళ్ళూ అదే బురదలోకి దిగారు. రూకేరోల్ గని కోసం చేసినది సముద్రానికి వెళ్ళింది, సముద్రంలో ఆరితేరినవాళ్ళు మళ్ళీ గనికి రావాల్సొచ్చింది. రావాల్సొచ్చిన ప్రతిసారీ అర్థం, అంతకుముందు ఎవరో 'ఇయ్యాల దిగుడు బంద్' అనలేదని, లేదా అన్నా ఎవరూ వినలేదని.

మీలో డైవింగుకి వెళ్ళొచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు. చేపల సంగతి తర్వాత చెబుదురు గానీ, అక్కడ మిమ్మల్ని ఎవరైనా, ఎప్పుడైనా, 'వద్దు' అన్నారా? అంటే ఆ సెంటరు ఏదో రాయండి. పదిమందికి పనికొస్తుంది.