శ్రీముఖలింగ శాసనాలు: ఆవృత్తుల లెక్క

ఒక జాబితాలో ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో తెలిపే సంఖ్యను గణితంలో పౌనఃపున్యం, లేదా ఆవృత్తి, అంటారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన విలువ బాహుళకం. నాలుగు నిలువు గీతలు గీసి ఐదో గీతను వాటి మీద అడ్డంగా కొట్టే పాత పద్ధతి నుంచి, స్ప్రెడ్‌షీట్‌లో కౌంట్‌ఇఫ్ సూత్రంతో వేల గడులను క్షణంలో లెక్కించే నేటి పద్ధతి వరకు సాధనాలు ఎంతో మారాయి గాని, లెక్కకు ముందే తేలవలసిన ప్రశ్న మాత్రం మారలేదు. ఏ రెండు విలువలను ఒకటిగా ఎంచాలి, ఏ రెండింటిని వేరుగా ఉంచాలి అన్నదే ఆ ప్రశ్న. దాని లోతు తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం గుడి గోడల మీది రాతలను పట్టికగా మార్చి చూడాలి.

తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం శ్రీముఖలింగమేనని 1890ల నాటికే వాదించి నిలబెట్టినవాడు, ఆ ఊరికి దగ్గరలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, గురువు లేకుండానే పాత లిపులు నేర్చుకొని, ఈ శాసనాలను ఆయన స్వయంగా చదివాడు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్న ఈ క్షేత్రపు శాసనాలు వందకు పైగా 1925లో వెలువడిన దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో అచ్చయ్యాయి. వాటిలో హెచ్చు భాగం దానశాసనాలు. దానశాసనం దాదాపు ఎప్పుడూ ఒకే వరుసలో సాగుతుంది: శక సంవత్సరం, రాజు పాలనా సంవత్సరం, పుణ్యకాలం, దాత పేరు, దానం, దాని ప్రయోజనం. స్ప్రెడ్‌షీట్‌లో నిలువు వరుసలకు పెట్టవలసిన శీర్షికలను ఆనాటి లేఖకులే నిర్ణయించి పెట్టారనడం అతిశయోక్తి కాదు.

ఇలాంటి పట్టికలో ఆవృత్తి దేన్ని బయటపెడుతుందో దీపదానాలు తెలుపుతాయి. దేవుని ముందు రాత్రింబవళ్లు ఆరకుండా వెలిగే దీపం అఖండదీపం. దానికి కావలసిన నెయ్యి కోసం దాతలు పశువులనో, మాడలనో, అంటే బంగారు నాణేలనో, గుడికి ఇచ్చేవారు. చోళదేశపు తమిళ శాసనాలలో ఒక దీపానికి 96 గొర్రెలన్న లెక్క, ద్రాక్షారామ శాసనాలలో 50 అన్న లెక్క మాటిమాటికీ కనిపిస్తాయి. ఏదో ఒక శాసనంలో ఒక్కసారి కనిపించే 50 కేవలం ఒక దాత ఇచ్చిన సంఖ్య. అదే సంఖ్య పదుల కొద్దీ శాసనాలలో తిరిగి వచ్చినప్పుడు, అది ఆ గుడిలో దీపానికి నిలకడగా ఉన్న ధర.

అయితే యంత్రం అక్షరాలను పోలుస్తుందే గాని అర్థాన్ని పోల్చదు. శాసనాల లేఖన పద్ధతిలో ‘సంక్రాంతి’, ‘సంక్రాన్తి’, ‘సఙ్క్రాన్తి’ అన్న మూడు రూపాలూ సాధ్యమే, మూడింటి అర్థమూ ఒకటే. పట్టికలో వాటిని ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే ఒకే పుణ్యకాలం మూడు విలువలుగా చీలిపోతుంది. తేదీల దగ్గర ఈ చిక్కు మరీ బిగుస్తుంది. అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడే భూతసంఖ్యల పద్ధతిలో, కుడి నుంచి ఎడమకు చదవాలన్న నియమం ప్రకారం, ఐదవ వజ్రహస్తుని పట్టాభిషేక సంవత్సరాన్ని అతని రాగిరేకులు వియత్తు, ఋతువు, నిధి అన్న మాటలతో చెబుతాయి. ఆకాశం సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది కనుక అది శకం 960, అంటే క్రీ.శ. 1038. అతని మనుమడు అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేక సంవత్సరం నంద, రంధ్ర, గ్రహ పదాలతో వస్తుంది. నందులు తొమ్మిది, శరీర రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. అది శకం 999, అంటే 1078. ఒకే అంకె మూడుసార్లు వచ్చిన ఈ చోట, మాటలను మాత్రమే లెక్కించే యంత్రం మూడు వేర్వేరు విలువలను చూపి, ఒక్కొక్కటి ఒక్కసారే వచ్చిందని చెబుతుంది.

పేర్ల విషయంలో దీనికి ఎదురు చిక్కు వస్తుంది. వజ్రహస్తుడు అనంతవర్మ, అతని కొడుకు రాజరాజు దేవేంద్రవర్మ, మనుమడు చోడగంగదేవుడు మళ్లీ అనంతవర్మ. ‘అనంతవర్మ’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే వచ్చే మొత్తం ఏ ఒక్క రాజుదీ కాదు, ఆ బిరుదుది. పైదానిలో ఒకే విలువ పలు రూపాలుగా చీలగా, ఇక్కడ పలువురు మనుషులు ఒకే రూపంలో కలిసిపోయారు. ఈ రెండో తప్పు కంటికి ఆనదు కనుక మొదటిదాని కన్నా ప్రమాదకరం.

తరువాతి గాంగుల, గజపతుల కాలంలో వాడుకలో ఉన్న అంక సంవత్సరాల పద్ధతిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. రాజు పాలన ఎన్నవ ఏడో తెలిపే సంఖ్య అంకం. దీనిలో ఒకటిని విడిచి లెక్క రెండుతో మొదలవుతుంది, ఆరుతో ముగిసే సంఖ్యలను, పదిని మినహాయించి సున్నతో ముగిసే సంఖ్యలను దాటివేస్తారు. ఈ లెక్కలో 7వ అంకం నిజానికి 5వ ఏడు, 21వ అంకం నిజానికి 17వ ఏడు. ఈ సంఖ్యలను పట్టికలో పెట్టి లెక్కించినవారికి 6, 16, 20, 26ల ఎదుట సున్నలే కనిపిస్తాయి. ఆ ఏళ్లలో దానాలు ఆగిపోయాయని, యుద్ధమో కరువో వచ్చి ఉంటుందని ఊహించడం తేలిక, కాని పూర్తిగా తప్పు. అక్కడ లేనివి ఆ సంఖ్యలే గాని ఆ సంవత్సరాలు కావు. ఒక విలువ ఎంతకీ రాకపోవడం కూడా ఆవృత్తి లెక్కలో భాగమే. ఈ నియమం జాడ మొదట కనిపించేది ఆ ఖాళీలలోనే.

శాసనాలను ఇలా రాశిగా తీసుకొని లెక్కించే పనికి దక్షిణాదిలో దృఢమైన పునాది వేసినవారు నొబోరు కరాషిమ, వై. సుబ్బరాయలు, తోరు మత్సుయి. చోళ శాసనాలలోని వ్యక్తుల పేర్లకు కంప్యూటర్ సాయంతో వారు కూర్చిన సూచిక 1978లో వెలువడింది, అంటే వ్యక్తిగత కంప్యూటర్ల తొలి స్ప్రెడ్‌షీట్ విసికాల్క్ అమ్మకానికి రావడానికి ఒక ఏడాది ముందే. కాకతీయుల కాలపు తెలుగు శాసనాల మీద సింథియా టాల్బట్ 2001లో ప్రచురించిన గ్రంథం నాయక, రెడ్డి, సెట్టి, బోయ వంటి పేరు చివరి మాటలు ఎవరికి, ఎక్కడ, ఎంత తరచుగా వచ్చాయో లెక్కించి, ఆనాటి సమాజం గురించి స్థిరపడిన అభిప్రాయాలను ప్రశ్నించింది. శ్రీముఖలింగ శాసనాలు కూడా ఇంతటి శ్రద్ధకు అర్హమైనవే. వాటిని పట్టికకు ఎక్కించేవారు ప్రతి విలువకూ రెండు నిలువు వరుసలు కేటాయించాలి: మొదటిదానిలో రాతి మీది పాఠం అక్షరం మార్చకుండా, రెండోదానిలో లెక్కకు అనువుగా సరిచేసిన రూపం. లెక్క రెండో వరుస మీదే జరగాలి, మొదటి వరుసను మాత్రం ఎవరూ ఎన్నటికీ దిద్దకూడదు.