స్వస్థలము విడిచిన దంపతులు

మన తెలుగువారు స్వస్థలము విడిచి దూరదేశములకు పోకపోలేదు. పుణ్యార్థులు కాశికి పోయిరి. వర్తకులును కూలీలును బర్మాకు పోయిరి. కరవునకు తాళలేనివారు ఓడలెక్కి మారిషసునకును, నెటాలునకును, మలయాకును పోయిరి. అయినను, పుణ్యమునకు గాని పొట్టకూటికి గాని కాక, పరుల సేవయే పనిగా పెట్టుకొని, ఆలుమగలు కలసి ఇల్లు విడిచి, క్రొత్తభాష నేర్చి, ఆ క్రొత్తవారి నడుమనే తల నెరసినవారు మనలో అరుదు. క్రైస్తవ మిషనుల చరిత్రలో ఇట్టి దంపతులు పెక్కురు కనబడుదురు. ఆ మతమును గూర్చి ఎవరి యభిప్రాయ మేదైనను, వారు జీవించిన విధము సంఘసంస్కరణమును కోరు ప్రతివాడును విచారింపదగినది. అట్టి రెండు జంటల చరిత్ర నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను. మొదటి జంట అమెరికానుండి నెల్లూరికి వచ్చినది. రెండవ జంట మనకు పొరుగుననే యున్న తిరునల్వేలినుండి డోర్నకల్‌కు వచ్చినది. ఈ రెండవ జంట చరిత్ర మా బేతంచెర్ల ప్రాంతపు చరిత్రలో కూడ నొక భాగమే.

నెల్లూరిలో అమెరికను బాప్తిస్టు మిషనును స్థాపించినవాడు సామ్యూల్ డే. అతడు 1836లో మన దేశమునకు వచ్చి 1840లో నెల్లూరు చేరెను. అతనికి తోడుగా 1849లో లైమన్ జూయెట్టును, అతని భార్య యుఫీమియాయును వచ్చిరి. ఏండ్లు గడచుచుండెను గాని మతమున చేరినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఇంత వ్యయము చేసి ఫలములేని యీ స్థానమును ఏల నిలుపవలెనని 1853లో అమెరికాలోని పెద్దలు ఆల్బనీ నగరమున చర్చించిరి. పటములో ఒంటరిచుక్కవలె నున్న యీ మిషనును విడువరాదని సామ్యూల్ స్మిత్ అను కవి ఆ సందర్భముననే యొక గీతమును రచించెను. నాటినుండి దానికి ఒంటరి నక్షత్రమను పేరు కలిగెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్టు దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో కూడి ఒంగోలు కొండనెక్కి, ఈ సీమకు ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థనకొండ యనియే పిలుచుచున్నారు.

1862లో జూయెట్టు ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోవలసివచ్చెను. అచ్చటి పెద్దలు మరల నెల్లూరు మిషనును మూయుదుమనిరి. మీరు పంపినను పంపకపోయినను నేను తిరిగిపోయి ఆ తెలుగువారి నడుమనే బ్రదికి, వారి నడుమనే చత్తునని అతడు తెగించి చెప్పెను. పెద్దలు మెత్తబడిరి. 1865లో అతడు జాన్ క్లౌ అను యువకుని వెంటబెట్టుకొని నెల్లూరు చేరెను. మరుసటి యేడు క్లౌ ఒంగోలున కాపురము పెట్టెను. 1876-78 నాటి మహాక్షామమున క్లౌ బకింగుహాము కాలువలో 3 మైళ్ళకు పైబడిన త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది బీదలకు కూలి కల్పించెను. కూటికొరకు మతము మారిరను నింద రాకుండుటకై కరవు తీరువరకు బాప్తిస్మములు నిలిపివేసెను. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మములు జరిగెను. చరిత్రకారులు ఈ సంఖ్యనే పదేపదే వ్రాయుదురు. ఆ సంఖ్యకు వెనుక ఫలమేమియు కానరాని రోజులలో నెల్లూరిని విడువని దంపతుల యోర్పు కలదు. జూయెట్టు వృద్ధుడై అమెరికాకు మరలిపోయి 1897లో కన్నుమూసెను.

ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. ఇట్టి చరిత్రలలో భర్త పేరు అధ్యాయములకు శీర్షిక యగును. భార్య పేరు ఒక వాక్యమున వచ్చి పోవును. పరదేశపు నీరు, పరదేశపు జ్వరము, పరదేశపు ఏకాంతము ఇద్దరికిని సమానమే. తెలుగు స్త్రీల యింటి లోపలికి ఆ కాలమున పురుషుడైన బోధకుడు పోజాలడు. పోగలిగినది అతని భార్యయే. కావున ఇల్లు విడిచిన సేవ పురుషునిది, ఇల్లు నిలుపుకొన్న సేవ స్త్రీది అని విభజించుట పొరపాటు. ఆ దంపతుల యిల్లే మిషను.

ఇక రెండవ జంట. వేదనాయగం సామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అను పల్లెలో జన్మించెను. తండ్రి ఆ యూరి గురువు. వారిది నాడారు కులము. ఆ కులమువారిని అగ్రవర్ణములవారు దేవాలయములలోనికి రానీయని కాలమది. కులము చేయు అవమానము అజరయ్య పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడెను. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాలాభ్యాసము చేసిన మొదటివారిలో ఆమె యొకతె.

1902లో అజరయ్య యాళ్పాణమునకు పోయెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ చందాలతోనే బోధకులను పరస్థలములకు పంపుచుండిరి. అది చూచి అతడు సిగ్గుపడెను. మనము నూరేండ్లుగా తెల్లవారివలన పుచ్చుకొనుచున్నాము గాని ఎవరికి ఏమి యిచ్చితిమని తనలో తాను ప్రశ్నించుకొనెను. 1903లో తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘము స్థాపితమయ్యెను. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపురమున జాతీయ మిషనరీ సంఘము స్థాపితమయ్యెను. మనుష్యులు మనవారే, ధనము మనదే, నిర్వాహకత్వమును మనదే యనునది ఈ సంఘముల మూలసూత్రము. స్వదేశోద్యమము దేశమున వ్యాపించుచున్న కాలముననే ఈ సూత్రమును పుట్టుట గమనింపదగినది.

తిరునల్వేలి సంఘమువారు తమ పనికి ఎన్నుకొన్న స్థలము నిజాము రాజ్యములోని డోర్నకల్. అది సింగరేణి బొగ్గుగనులకు రైలుమార్గము చీలు కూడలి, చుట్టును అడవిపల్లెలు. పట్టణములు తిరిగి సభలలో ప్రసంగించుచున్న అజరయ్య, ఇతరులను పొమ్మని చెప్పుటకన్న తానే పోవుట న్యాయమని తలచి, 1909లో గురుపట్టము పొంది భార్యాపుత్రులతో అచ్చటికి తరలెను. తమిళుడు తెలుగు సీమకు వచ్చుట యేపాటి ప్రవాసమని చదువరులు తలపవచ్చును. కాని భాష వేరు. ప్రభుత్వము వేరు, కచేరి భాష ఉర్దూ. చదువుకొన్న యిల్లాలికి అచ్చట స్నేహితురాండ్రు లేరు. ఆమె పలుకరింపవలసినవారు ఊరిబయటి మాలపల్లె, మాదిగపల్లెల స్త్రీలు. ఇంగ్లండునుండి వచ్చినవానికి దొర యను గౌరవము ముందే నడచుచుండును. తిరునల్వేలినుండి వచ్చిన దంపతులకు ఆ గౌరవమును లేదు, ఊరివారమను బంధుత్వమును లేదు.

మరుసటి యేడు, 1910లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అందు అజరయ్య చేసిన ప్రసంగము సభలో కలవరము పుట్టించెను. మీరు మాకొరకు సర్వస్వమును ధారపోయుచున్నారు, కాని మమ్ము మీ పంక్తిని కూర్చుండబెట్టుకొనుట లేదు, మాకు కావలసినది మీ స్నేహమని అతడు నిర్భయముగా చెప్పెను. దానము చేయువాడు పైమెట్టున నిలిచియే చేయవచ్చును. స్నేహము చేయువాడు మెట్టు దిగవలెను. తెల్లవారికి చెప్పిన యీ నీతి తనకును చెల్లునని అతడెరుగును. డోర్నకల్ పల్లెలలో తానే చదువుకొన్నవాడు, తానే పరాయివాడు.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అజరయ్యకు బిషప్పు పట్టము కట్టిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయు డతడే. నల్లవాని క్రింద తెల్లవారెట్లు పనిచేయుదురని కొందరు మిషనరీలు ఆక్షేపించిరి. మొదట చిన్నదిగా నున్న డోర్నకల్ అధ్యక్ష ఖండము 1920 ప్రాంతమున మిక్కిలి విస్తరించెను. అంతకుముందు లండనులోని ఎస్.పి.జి. సంఘమువారు ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతములలో బడులును దేవాలయములును కట్టి పనిచేయుచుండిరి. ఆ సభలన్నియు డోర్నకల్ ఖండమున కలిసెను. ఇట్లు నల్లరాతి బండల సీమయగు బేతంచెర్ల చుట్టుపట్టుల క్రైస్తవులకు కూడ ఒక తమిళుడు పెద్దయయ్యెను. ఎద్దుబండిపై పల్లెపల్లె తిరుగుచు, తెలుగులోనే బోధించుచు అతడు పనిచేసెను. 1940 నాటికి ఆ ఖండమున క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలను మించెను.

అజరయ్య పల్లెలలో నాలుగు దయ్యములతో పోరవలెనని చెప్పుచుండెను. అవి మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఈ నాలుగును మన రాయలసీమ పల్లెలకు నేటికిని పూర్తిగా విడువలేదు. వీనిలో మూడింటితో పోరు జరుగునది ఇంటిలోపల. అప్పు తెచ్చువాడు మగవాడైనను, త్రాగువాడు మగవాడైనను, దాని ఫలము అనుభవించునది ఇల్లాలు. అందువలన అన్బమ్మగారి పని లేక ఆయన పని సగమే. ఆమె మాతృసంఘముల ద్వారా స్త్రీలలో పనిచేసెను. గ్రామోపాధ్యాయునకు శిక్షణ మిచ్చునపుడు అతని భార్యకును చదువు చెప్పుట డోర్నకల్‌లో ఆచారమయ్యెను. దీని ప్రయోజనము నావంటి బడిపంతులకు వెంటనే బోధపడును. ఒంటరిగా పల్లెకు వచ్చిన పంతులు ఆదివారమెప్పుడు వచ్చునా, బండి యెప్పుడు దొరకునా యని చూచుచుండును. చదువుకొన్న భార్యతో కాపురము పెట్టిన పంతులు ఆ యూరివాడగును. అతని వాకిట ఊరి పిల్లలు చేరుదురు. ఆమె యరుగున ఊరి స్త్రీలు కూర్చుందురు. అజరయ్య దంపతులు డోర్నకల్‌లో చేసిన పనిని, ఈ పేరులేని పంతులు దంపతులు వందలకొలది పల్లెలలో చేసిరి.

ఈ చరిత్రకు ఆక్షేపణ లేకపోలేదు. 1930 తరువాత గాంధీమహాత్ముడు హరిజనుల సామూహిక మతాంతరీకరణమును తీవ్రముగా విమర్శించెను. ఆ విమర్శ అజరయ్యకును తగిలెను. తమ యిష్టమున మతము మారుటకు బీదవానికిని హక్కు కలదని అజరయ్య వాదించెను. ఆ పెద్ద లిద్దరి వివాదమును తీర్చుట నా యుద్దేశము కాదు. కాని యొక్క విషయము మరువరాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని అజరయ్య గట్టిగా చెప్పెను. మతము మారినవాడు దేశమునుండి చీలిపోరాదని అతని భావము. మతాంతరీకరణమును గర్హించు అగ్రవర్ణములవారము మనమొక ప్రశ్నకు బదులు చెప్పవలెను. ఆ పరాయి దంపతులు వచ్చువరకు ఆ పల్లెలకు అక్షరములు తీసికొనిపోవుటకు మనలో నెందరు ముందుకు వచ్చితిమి?

డోర్నకల్‌లో అజరయ్య కట్టించిన పెద్ద దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠితమయ్యెను. దాని స్తంభములలో హిందూ దేవాలయ శిల్పరీతియు, గుమ్మటములలో మసీదు రీతియు కనబడును. పరాయివాడుగా వచ్చినవాడు ఆ నేల రూపమునే తన గుడికి తీసికొనెను. 1945 జనవరి 1వ తేదీన అతడు డోర్నకల్‌లోనే మరణించెను. అచ్చటనే సమాధి చేయబడెను. సంఘములన్నియు ఏకము కావలెనని 1919 తరంగంబాడి సభనుండి అతడు చేసిన కృషి 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘమై ఫలించెను. అయినను మా నంద్యాల ప్రాంతపు సభలు పెక్కు ఆ యైక్యమునకు అంగీకరింపక ఏండ్ల తరబడి వేరుగానే యుండెను. ముప్పదియైదేండ్లు ఒకచోట కాపురముండినవాని మాట కూడ ప్రజలు కాదనవచ్చును. కాదనగల వారిని తయారుచేయుటయు నిజమైన సేవలో భాగమే కాదా?

జూయెట్టు దంపతులు సముద్రములు దాటి వచ్చిరి. అజరయ్య దంపతులు రైలుప్రయాణము చేసి వచ్చిరి. ప్రవాసమును కొలుచునది మైళ్ళు కాదని రెండవవారి చరిత్ర తెలుపుచున్నది. ఊరినుండి ఊరిబయటి పల్లెకు నాలుగు బారల దూరము; ఆ దూరము నడవక తరతరములు గడపినవారు మనలో కలరు. నేడు నంద్యాల జిల్లాలోని పల్లెబడులకును వైద్యశాలలకును నియమింపబడిన చదువరులు, వచ్చిన నాటినుండియే బదిలీకై యెదురుచూచుట చూచుచున్నాము. వారిని నిందించి ప్రయోజనము లేదు. ఇల్లాలి చదువునకును పనికిని చోటులేని యూర ఏ దంపతులును నిలువజాలరు. ఉపాధ్యాయుని ఒక్కని కాక, దంపతుల నిద్దరిని పిలిచి, ఇద్దరికిని పనియిచ్చి, ఇద్దరి పేర్లను వ్రాసియుంచు ఊరు ఏది కలదో, ఆ యూర వారు నిలుతురు. అట్టి యూళ్ళను తయారుచేయుట మన వంతు.